పిల్లలకు భాగహారమును కంటికి చూపుట



మన పల్లెలలో బడికి పోవు పిల్లలు గణితమున నేర్వవలసిన మూలప్రక్రియలు నాలుగు. అవి సంకలనము, వ్యవకలనము, గుణకారము, భాగహారము. మొదటి మూడింటిని ఏదో యొక విధమున దాటివచ్చిన పిల్లవాడు నాలుగవదాని కడ నిలిచిపోవుట మీలో పెక్కురు చూచియే యుందురు. గ్రామసీమలలోని పిల్లల చదువును పరిశీలించు ‘అసర్’ అను దేశవ్యాప్త సర్వే 2005 నుండి జరుగుచున్నది. దాని నివేదికల ననుసరించి, ఐదవ తరగతి చదువు పల్లెపిల్లలలో మూడంకెల సంఖ్యను ఒక అంకెచే భాగింపగలిగినవారు 2022లో నూటికి ఇంచుమించు 26 మంది. 2024లో ఇంచుమించు 31 మంది. అనగా ప్రతి పదిమందిలో ఏడుగురు ఆ గడప దాటకయే పై తరగతులకు పోవుచున్నారు.

ఇది చిన్న విషయము కాదు. భాగహారము రానివానికి భిన్నము రాదు. భిన్నము రానివానికి వడ్డీ, నిష్పత్తి, శాతము రావు. వాడు తన్ను తాను మొద్దునని తలపోయుట మొదలిడును. తండ్రియు నట్లే తలచును. అటుపిమ్మట బడి మానుటకు ఒక చిన్న సాకు చాలును. కావున ఈ ప్రక్రియను పిల్లల కంటికి కనబడునట్లు నేర్పు విధమును గూర్చి, నా ఉపాధ్యాయవృత్తిలో పరీక్షించి చూచిన దానిని మీకు మనవి చేయుచున్నాను. దీనికి ఖరీదైన పరికరములు వలదు. గుప్పెడు చింతగింజలు, కొన్ని చీపురుపుల్లలు, కొంచెము దారము ఉన్న చాలును.

మొట్టమొదట తెలియవలసినది, భాగహారమునకు రెండు రూపములు కలవని.

పండ్రెండు చింతగింజలను పిల్లవాని ముందుంచి, “వీనిని ముగ్గురికి సమముగా పంచుము” అనుడు. వాడు ఒకటి నీకు, ఒకటి నీకు, ఒకటి నీకు అనుచు వరుసగా వేయును. గింజలు ముగియునప్పటికి ఒక్కొక్కరి ముందు నాలుగు చొప్పున నుండును. ఇది పంపకము. ఇచట మనుష్యు లెందరో ముందే తెలియును. ఒక్కొక్కరికి ఎంత వచ్చునో తెలియవలెను.

ఇప్పుడు ఆ పండ్రెండింటినే మరల కలిపి, “మూడేసి చొప్పున కుప్పలు పెట్టుము, ఎన్ని కుప్ప లగునో చూతము” అనుడు. వాడు మూడు తీసి ఒక కుప్ప, మరి మూడు తీసి ఒక కుప్ప, ఇట్లు పెట్టుచు పోగా నాలుగు కుప్పలగును. ఇది కుప్పకట్టుట. ఇచట ఒక్కొక్క కుప్పలో ఎంత యుండవలెనో ముందే తెలియును. కుప్ప లెన్నియో తెలియవలెను.

పలకమీద రెండును 12ను 3చే భాగించుటయే. లబ్ధము రెండింటను 4. కాని చేతిపని వేరు, కంటికి కనబడు బొమ్మ వేరు. పలువురు మొదటి దానినే నేర్పి ఊరకుందురు. అందుచేత “24 మామిడిపండ్లను ఆరుగురికి పంచిన ఒక్కొక్కరికి ఎన్ని?” అనిన చెప్పగల పిల్లవాడు, “24 మామిడిపండ్లను బుట్టకు ఆరు చొప్పున పెట్టిన ఎన్ని బుట్టలు కావలెను?” అనగనే తెల్లబోయి, “కూడమందురా, తీసివేయమందురా?” అని గురువు ముఖము చూచును. వానికి తెలియనిది లెక్క కాదు. ఆ మాట ఏ బొమ్మను చెప్పుచున్నదో తెలియదు.

రెండవ రూపము నేర్పకున్నచో ముందు ముందు మరియొక చిక్కు కలదు. ఆరు లీటర్ల పాలున్నవి. ఇంటికి అర లీటరు చొప్పున పోసినచో ఎన్ని ఇండ్లకు వచ్చును? పండ్రెండిండ్లకు. దీనిని 6ను అరతో భాగించుట యందురు. పంపకమొక్కటే యెరిగిన పిల్లవాడు, “ఆరింటిని అరమనిషికి పంచుట యెట్లు?” అని కలతపడును. భాగించిన తగ్గవలసినది పెరిగెనేమని ఆశ్చర్యపడును. కుప్పకట్టుట తెలిసినవానికి ఆ కలత లేదు. అర లీటరు కొలతతో ఎన్నిమారులు ముంచవలెనో వాని కంటికి తోచును.

రెండు రూపములకును లబ్ధ మొక్కటే యెందులకైనదో పిల్లవాడు అడిగినను అడుగకున్నను చూపవలెను. ముగ్గురికి పంచునప్పుడు ఒకసారి తిరిగి వచ్చునప్పటికి మూడు గింజలు ఖర్చగును గదా! ఆ మూడింటిని ఒక కుప్పగా నెంచుడు. నాలుగుమారులు తిరిగితిమి; నాలుగు కుప్పలు తీసితిమి. కావున పంచుట యనగా పంచుకొనువారి సంఖ్యతో కుప్పలు తీయుటయే. ఆ గింజలను నేలమీద వరుసకు నాలుగు చొప్పున మూడు వరుసలుగా పేర్చినచో ఇది ఇంకను తేటపడును. అడ్డముగా చూచిన నాలుగేసి గింజల వరుసలు మూడు. నిలువుగా చూచిన మూడేసి గింజల వరుసలు నాలుగు. మూడు నాలుగులు పండ్రెండను ఎక్కము కూడ అచటనే కనబడును. గుణకారమును, భాగహారమును ఒక్క బొమ్మకే రెండు ముఖములని పిల్లవాడు తనంతట తెలిసికొనును.

ఇది మన ఇండ్లలో లేని క్రొత్త విద్య కాదు. వామనగుంటల పీటలో వరుసకు ఏడు చొప్పున పదునాలుగు గుంటలు. గుంటకు ఐదేసి గింజలు నింపవలెననిన 70 గింజలు కావలెను. 70 గింజలున్న గుంటకు ఎన్నియనిన ఐదు. చేతిలోని గింజలను గుంటకొకటి చొప్పున విడుచుచు పోవుట పంపకమునకు ప్రత్యక్షరూపము. నాలుగింటిని ఒక పుంజీగా లెక్కించుట పెద్దలకు తెలిసినదే, అది కుప్పకట్టుట. 1939లో మన దేశమునకు వచ్చి మదరాసు అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చిన మరియా మాంటిస్సోరి విదుషీమణి పద్ధతిలో భాగహారమునకు 81 గుంటల పలక, 81 పూసలు, మనుష్యులకు మారుగా 9 చిన్న కొయ్యబొమ్మలు వాడుదురు. ఆ పలకను చూచిన మన ముత్తవ వామనగుంటల పీటకు చుట్టమని చెప్పియుండెడిది.

ఇక పెద్ద సంఖ్యల మాట. పండ్రెండు గింజలకు పనికివచ్చిన ఉపాయము ఎనుబది నాలుగింటికి పనికివచ్చునా యని మీరడుగవచ్చును. గింజలను ఒక్కొక్కటిగా పంచినచో ప్రొద్దుపోవును. పిల్లవానికి విసుగు పుట్టును. ఇచట చీపురుపుల్లలు తీసికొనుడు. పదేసి పుల్లలను దారముతో కట్టి ఎనిమిది కట్టలు, విడిగా నాలుగు పుల్లలు ఉంచుడు. ఇది 84. దీనిని ఆరుగురికి పంచవలెను. ముందు కట్టలను పంచుడు. ఆరుగురికి ఒక్కొక్క కట్ట పోగా రెండు కట్టలు మిగిలినవి. వీనిని కట్టలుగా ఆరుగురికి పంచుట సాధ్యము కాదు. కావున దారము విప్పుడు. ఇరువది పుల్లలు, ముందున్న నాలుగు కలసి ఇరువది నాలుగు. ఒక్కొక్కరికి నాలుగు. మొత్తముమీద ఒక్కొక్కరికి ఒక కట్ట, నాలుగు పుల్లలు, అనగా 14.

ఇప్పుడు పలకమీద అదే లెక్కను వేయించుడు. 8లో 6 పోగా 2 మిగులును. దాని ప్రక్కకు 4ను దింపుదుము. ఆ దింపుట యేమి? కట్ట విప్పి విడిపుల్లలతో కలుపుటయే. పిల్లవాడు ఏండ్ల తరబడి అర్థము తెలియక చేయు ఆ దింపుడు, ఒక్క దారపుముడి విప్పుటతో తేటయగును.

కూడికకును తీసివేతకును కుడివైపునుండి మొదలిడి, భాగహారమునకు మాత్రము ఎడమవైపునుండి ఏల మొదలిడవలె నను ప్రశ్నకు కూడ సమాధాన మిదియే. పెద్ద కట్టలను ముందు పంచినచో మిగిలినవానిని విప్పి చిన్నవానిలో కలుపవచ్చును. చిన్నవానిని ముందు పంచినచో తరువాత విప్పిన కట్టలను మరల పంచవలసి వచ్చును. ఒక పని రెండుమారులగును. 1150లో లీలావతిని రచించిన భాస్కరాచార్యులును భాగహారమును పెద్దస్థానము నుండియే ఆరంభింపవలెనని విధించెను. మహావీరాచార్యుల గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెనిగించిన నాటినుండి భాజ్యము, భాజకము, లబ్ధము, శేషము మొదలగు పదములు మన పండితుల నోట నున్నవి. పదములు పెద్దవి, వాని వెనుకనున్న పని పుల్లల కట్ట పంచుటయే.

పిల్లలు తరచుగా చేయు పొరపాటు నొకదానిని చెప్పెదను. 306ను 3చే భాగింపుమనిన పలువురు 12 అని వ్రాయుదురు. “తప్పు” అని ఎఱ్ఱసిరాతో కొట్టివేసినందువలన ఫలము లేదు. మూడు నూరురూపాయల నోట్లు, ఆరు రూపాయి నాణెములు ఇచ్చి ముగ్గురికి పంచమనుడు. ఒక్కొక్కరికి ఒక నూరునోటు. పదిరూపాయల నోట్లు ఎన్ని? లేవు, కావున ఒక్కొక్కరికి సున్న. నాణెములు రెండేసి. నూట రెండు. 12 అని వ్రాసినవానిని, “ముగ్గురికి పండ్రెండేసి యిచ్చితివి, అది 36 రూపాయలు. తక్కిన 270 రూపాయలు ఎవరి సంచిలోనికి పోయినవి?” అని అడుగుడు. వాడు నవ్వును, నవ్వినవాడు సున్నను మరల మరవడు.

ఇక శేషము. పదునేడు గింజలను ఐదేసి చొప్పున కుప్పలు పెట్టగా మూడు కుప్పలై, రెండు మిగులును. శేషము భాజకము కంటె ఎల్లప్పుడును తక్కువగా నుండవలె నను సూత్రమును వల్లె వేయింప నక్కరలేదు. ఐదో, ఆరో మిగిలినచో మరియొక కుప్ప పెట్టవచ్చును గదా యని కన్నే చెప్పును. సరిచూచుకొను విధమును గూడ కన్నే చెప్పును: మూడు కుప్పలు, కుప్పకు ఐదు, మీద రెండు; మరల కలిపిన పదునేడు.

అయితే మిగిలినదానిని ఏమి చేయవలె నను ప్రశ్నకు అంకెలు సమాధానము చెప్పవు, లోకవ్యవహారము చెప్పవలెను. పెండ్లికి 50 మంది పోవలెను. ఒక్కొక్క బండిలో 8 మంది పట్టుదురు. ఎన్ని బండ్లు? ఏడు, మిగిలిన ఇద్దరిని ఊరిలో విడిచిపోరాదు గదా! మీ చేతిలో 50 రూపాయలున్నవి. పెన్ను ఖరీదు 8 రూపాయలు. ఎన్ని పెన్నులు వచ్చును? ఆరే. 50 లీటర్ల నూనెను ఎనిమిదిండ్లకు పంచిన? ఇంటికి ఆరుంబావు లీటరు. లెక్క యొక్కటే, సమాధానములు మూడు. “చేతిఫోనులో మీట నొక్కిన జవాబు వచ్చును, ఇంక పిల్లవానికి ఈ శ్రమ యేల?” అను పెద్దలు కొందరు కలరు. ఆ యంత్రము మూడు ప్రశ్నలకును 6.25 అనియే చెప్పును. ఆరుంబావు బండ్లను మాటాడుకొనువా డెవడు?

కొన్ని తావుల లబ్ధముతో పనియే లేదు, శేషమే కావలెను. నేడు సోమవారమైనచో ఏబది దినముల పిమ్మట ఏ వారము? ఏడేసి దినముల కట్టలు కట్టగా ఒక దినము మిగులును, కావున మంగళవారము. మన సంవత్సరముల పేర్లును ఇట్టివే. శాలివాహనశకసంఖ్యకు 12 కలిపి, 60చే భాగించిన శేషము, ప్రభవాదిగా ఎన్నవ సంవత్సరమో చెప్పును. 2024 ఉగాదితో మొదలైన శకము 1946. దానికి 12 కలిపిన 1958. అరువదేసి చొప్పున 32 కట్టలు పోగా 38 మిగిలెను. ముప్పది యెనిమిదవది క్రోధి; ఆ యేటి పేరు అదియే. ఇట్టి లెక్కలను తాతలు మనుమలచే వేయించినచో భాగహారమునకు ఇంటిలో గౌరవము కలుగును.

తెలివిగల పిల్లలు ఒక్కొక్కప్పుడు సున్నచే భాగించుటను గూర్చి అడుగుదురు. వారిని కసరకుడు. “ఈ పండ్రెండు గింజలనుండి సున్న చొప్పున కుప్పలు తీయుము” అనుడు. ఎన్ని వట్టికుప్పలు తీసినను గింజలు తరుగవు. భాస్కరాచార్యులు ఇట్టి రాశికి ఖహర మని పేరిడి, అనంతమని తలచెను. నేటి గణితజ్ఞులు దానికి విలువ కట్టుట తగదని నిర్ణయించిరి. పిల్లవానికి ఈ మాత్రము చాలును.

పంపకము, కుప్పకట్టుట అను భేదము పిల్లల బ్రతుకును ఎట్లు తాకునో ఒక దృష్టాంతము చెప్పెదను. నేను నిజామాబాదు జిల్లాలోని ఒక గ్రామమున పనిచేయుచున్నప్పుడు ఒక తండ్రి నాలుగవ తరగతి చదువు తన కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చి, “సారూ, దీనికి లెక్కలు ఎక్కవు. ఇంటికాడ వాళ్లమ్మకు తోడుంటది, పేరు తీసెయ్యుండ్రి” అనెను. వారి ఇంట బీడీలు చుట్టుదురు. నేను ఆ బాలికను, “అమ్మా, మీ అమ్మ వేయి బీడీలు చుట్టినచో కట్టలు ఎన్ని యగును?” అని అడిగితిని. “నలభై” అని రెప్పపాటులో చెప్పెను. ఎట్లు తెలిసినదనగా, “కట్టకు ఇరవై అయిదు. నూటికి నాలుగు కట్టలు. వేయిల పది నూర్లు ఉంటయి గద సారూ” అనెను. నల్లబల్లమీద 1000ని 25చే భాగించు గుర్తు వ్రాసి, “నీవు చేసినది ఇదియే” అని చూపితిని. ఆ పిల్ల ఆ గుర్తును చాలసేపు చూచెను. తండ్రి ఏమియు అనక నిలుచుండి, కడపట, “అయితే ఇంకో యేడు చదవనిద్దాం” అని వెడలిపోయెను. ఆ యేడు గడచునప్పటికి ఆమె తరగతిలో తక్కినవారికి కట్టలు కట్టి లెక్క చూపుచుండెను. అంతవరకు బడిలో పంపకపు లెక్కలే చెప్పిరి. ఆ బాలికకు తెలిసినది కుప్పకట్టుట. ఆ రెంటికిని నడుమ వంతెన వేయువారు లేక ఒక చదువు ఆగిపోవలసినది.

“మేము ఎక్కములు వల్లె వేసియే నేర్చితిమి గదా, ఈ గింజలాట లేల?” అని అడుగు పెద్దలకు నా సమాధానము. ఎక్కములు తప్పక రావలెను. ఇరువది ఎక్కములు నోటనున్నవాడు ధనవంతుడు. కాని ధనముండుట వేరు, దానిని ఎచట వెచ్చింపవలెనో తెలియుట వేరు. ఎక్కము వేగము నిచ్చును. బొమ్మ అర్థము నిచ్చును. ఒకటి యుండి రెండవది లేకున్న పని సాగదు.

అట్లని గింజలకు పిల్లవానిని కట్టివేయరాదు. మెట్లు మూడు. మొదట చేతితో గింజలు. అవి బాగుగా వచ్చిన పిమ్మట పలకమీద చుక్కలు; చుక్కలను సున్నలు చుట్టి కుప్పలు చేయుట. అటుపిమ్మట అంకెలు మాత్రమే. 1966లో జెరోమ్ బ్రూనర్ అను అమెరికా మనశ్శాస్త్రవేత్త చేత, చిత్రము, సంకేతము అను ఈ మూడు దశలనే విపులముగా చర్చించెను. పిల్లవాడు అంకెలతో చేసి, “కావలెననిన గింజలతో చూపెదను” అని చెప్పగలిగిననాడు గింజలను డబ్బాలో పెట్టివేయుడు. తొట్రుపడిననాడు మరల తీయుడు.

బడిలో నలువదిమంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు. ఒక్కొక్కని చేతిలో గింజలు పోసి కూర్చుండుటకు అతనికి తీరికయుండదు. ఇంటిలో మీకు తీరిక కలదు. రాత్రి భోజనమునకు ముందు పావుగంట చాలును. పెసలు బాగుచేయునప్పుడు, కొబ్బరికాయలు సంచులకెత్తునప్పుడు, కూలిడబ్బు లెక్కకట్టునప్పుడు పిల్లవానిని దగ్గర కూర్చుండబెట్టుకొని ముందు ఒక మాట అడుగుడు: “ఇచట మనకు తెలిసినది ఏమి? ఎందరికో తెలిసినదా, ఎంతచొప్పునో తెలిసినదా?” జవాబు మీరు చెప్పవలదు, వాని చేతిని కదలనిండు. తప్పిన కసరకుడు, మరల పంచి చూపుమనుడు. ఆడపిల్లను, మగపిల్లవానిని సమముగా కూర్చుండబెట్టుడు. సమముగా పంచు విద్యను నేర్పునప్పుడు విషమముగా నేర్పరాదు.